స్వనిధి అప్పు మూడు విడతలు వాడాక: ఒక టిఫిన్ బండి సమీక్ష

మాది వరంగల్ శివనగర్. రైల్వే స్టేషన్ వైపు పోయే రోడ్డు మీద పన్నెండేళ్లుగా టిఫిన్ బండి నడుపుతున్నా. ఇడ్లీ, వడ, బోండా, ఆదివారమైతే పూరీ. వీధి వ్యాపారులకు కేంద్రం బ్యాంకుల ద్వారా ఇప్పించే పీఎం స్వనిధి అప్పు మొదటి విడత 10,000, రెండో విడత 20,000 తీసుకుని కట్టేశాను, ఇప్పుడు మూడోది 50,000 నడుస్తోంది. అన్నీ కలిపి ఐదేళ్లు దాటింది. ఈ అప్పు గురించి ఎక్కడ చూసినా బతుకులు మారిపోయాయనే పోస్టర్లు, లేకపోతే పదివేలతో ఏమొస్తదనే మాటలు. రెండూ వాడనివాళ్ల మాటల్లాగే ఉన్నాయి. అందుకే వాడిన మనిషిగా రాస్తున్నా, కొంచెం పొడుగు అవుతుంది, ఓపికగా చదవండి.

ముందు గిరిగిరి, అంటే రోజువారీ వసూలు చేసే ప్రైవేటు వడ్డీ అప్పు సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే ఈ పదివేల విలువ ఎవరికీ తెలియదు. మా దిక్కు బండ్లవాళ్లలో గిరిగిరి తీసుకోనివాళ్లు తక్కువ. కాగితం మీద 10,000 రాసుకుంటారు, చేతికి 8,500 ఇస్తారు, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి చూస్తే వడ్డీ 1,500 కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే తిరిగి కడుతూ పోతాం కాబట్టి మన దగ్గర నిజంగా తిరిగే డబ్బు సగటున అందులో సగమే. మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు కూర్చోబెట్టి లెక్క చూపించాడు, నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ పడుతోందని. నాకు ఎప్పుడూ రెండు గిరిగిరిలు నడిచేవి, అంటే రోజుకు 200. ఒకటి తీరకముందే ఇంకొకటి. ఏడాదికి పదకొండు వేల దాకా వడ్డీకే పోయేది. వానపడి బండి పెట్టకపోయినా, పండగైనా, ఇంట్లో జ్వరాలున్నా పది గంటలకల్లా గిరిగిరి ఇచ్చినాయన బండి దగ్గర నిలబడేవాడు. "ఏం చెల్లె, ఇయ్యాల వందేనా?" అని గిరాకీ ముందే అడిగేవాడు. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

2020లో లాక్‌డౌన్‌కు బండి మూతపడింది. గిరిగిరి మాత్రం మూతపడలేదు, కట్టని రోజులన్నీ లెక్కలో చేరాయి. ఆ ఏడాది జూన్‌లో స్వనిధి మొదలైంది. మా వాడ పొదుపు సంఘాల పని చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) ఇంటింటికీ తిరిగి బండ్లవాళ్ల పేర్లు రాసుకుంది. ఆధార్‌కు నా ఫోన్ నంబరు లింక్ లేదని తేలింది, దానికే మూడుసార్లు మీసేవకు తిరిగాను. కొత్తగా అప్లై చేసేవాళ్లు ముందు ఈ పని చేసుకోండి, సగం మంది ఆగిపోయేది ఇక్కడే. నవంబరులో 10,000 పడ్డాయి. హామీదారు లేడు, తాకట్టు లేదు, కోతా లేదు. పన్నెండు వాయిదాలు, నెలకు తొమ్మిది వందల లోపే.

చాలామంది దీన్ని వడ్డీ లేని అప్పు అనుకుంటున్నారు, కాదు. బ్యాంకు తన వడ్డీ తాను వేస్తుంది. టైముకు కడితే ఏడాదికి 7 శాతం వడ్డీ రాయితీ కింద మూడు నెలలకోసారి మన ఖాతాలో వేస్తారు. మొదటి విడతకు నాకు ఏడాదంతా కలిపి నాలుగు వందల లోపే వచ్చింది. పెద్ద మొత్తం కాదు, కానీ అప్పు ఇచ్చినవాళ్లు తిరిగి మనకే డబ్బు వేయడం నా బతుకులో అదే మొదటిసారి.

ఆ పదివేలలో మూడున్నర వేలు పెట్టి ఒక గిరిగిరి మిగులు తీర్చేశాను. అప్పు తీసుకుని అప్పు తీర్చడమేంటని మా ఆయన గట్టిగానే అన్నాడు. కానీ నేను చేసిన మంచి పనుల్లో అది ఒకటని ఇప్పటికీ అనుకుంటా. మిగతా డబ్బుతో బీట్ బజార్‌లో మినపప్పు బస్తా కొన్నాను. అప్పటిదాకా కిరాణా కొట్లో రోజుకు రెండు కిలోలు, మూడు కిలోలు ఉద్దెర తెచ్చేదాన్ని. బస్తాకు కొంటే కిలోకు పది, పన్నెండు రూపాయలు తగ్గింది. పెట్టుబడి లేనివాడికి ప్రతి వస్తువూ ఎక్కువ ధరకే దొరుకుతుందని తెలుసు కానీ ఎంత ఎక్కువో అప్పుడు చేతికి తెలిసింది. రెండో గిరిగిరి ఇంకో నాలుగు నెలలకు తీరింది. మళ్లీ తీసుకోలేదు.

క్యాష్‌బ్యాక్ విషయంలో ఒక చిన్న కిటుకు ఉంది. గిరాకీ దగ్గర ఫోన్‌తో డబ్బులు తీసుకుంటే ఈ పథకం కింద నెలకు వంద వరకు, ఏడాదికి 1,200 వరకు ఇస్తారని చెప్పారు. నెలకు 50 లావాదేవీలు దాటితే 50 రూపాయలు, 100 దాటితే 75, 200 దాటితే 100. నా బండి దగ్గర రోజుకు ముప్పై మందికి తక్కువ కాకుండా స్కాన్ చేసేవాళ్లు, అయినా కొన్ని నెలలు 50 రూపాయలే, కొన్ని నెలలు అదీ లేదు. ఎందుకో తెలియడానికి ఏడాది పట్టింది. 25 రూపాయలు, ఆపైన వచ్చినవే లెక్కలోకి వస్తాయి. నా ఇడ్లీ ప్లేటు అప్పుడు 20! ఇద్దరివి కలిపి ఒకరు కడితేనే లెక్కకు వచ్చేది. ప్లేటు 30కి పెంచాక నెలనెలా పూర్తిగా వంద పడుతోంది. ఈ రూలు ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా. చాయ్ బండ్లవాళ్లకు, పల్లీలమ్మేవాళ్లకు ఈ 25 రూపాయల రూలు పెద్ద దెబ్బ, వాళ్ల గిరాకీ అంతా పది, పదిహేను రూపాయలదే కదా.

రెండో విడత 2022 ఫిబ్రవరిలో వచ్చింది, పద్దెనిమిది వాయిదాలు. ఆ 20,000కు ఇంకొంచెం కలిపి పెద్ద గ్రైండరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నా వ్యాపారం నిజంగా మారింది ఇక్కడే. అంతకుముందు ఇంట్లో చిన్న గ్రైండరులో రుబ్బేసరికి రాత్రి పదకొండయ్యేది, నాలుగింటికి మళ్లీ లేవాలి, నాలుగు కిలోల పప్పు కంటే ఎక్కువ వేయలేకపోయేదాన్ని. పెద్ద గ్రైండరు వచ్చాక ఎనిమిది, తొమ్మిది కిలోలు గంటన్నరలో అయిపోతోంది. పిండి రెట్టింపు అయితే అమ్మే చేతులు కూడా కావాలి. అప్పుడు పక్కింటి అక్కను పనికి పిలిచాను. ఆమె మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయేది, సీజన్ అయిపోతే దొరికిన కూలి పనే. ఇప్పుడు పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా నా దగ్గర, రోజుకు 300. పదకొండుకు ఇంటికి పోయి తన పని తాను చేసుకుంటుంది. నెలకు ఇరవై ఆరు రోజులేసుకున్నా 7,800. వెనక గిరిగిరికి నేను ఏడాదికి కట్టిన వడ్డీతో ఆమెకు దాదాపు నెలన్నర కూలి ఇవ్వొచ్చు. ఈ లెక్క తట్టినప్పుడు చాలాసేపు బాధపడ్డాను, అన్నేళ్లు ఎన్ని కూలీలు పోగొట్టానో అని.

మా మామ ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అది, దాని సైరన్ మీదే ఊరంతా నడిచేదట. మిల్లు మూతపడ్డాక ఆయన సైకిల్ మీద చీరలమ్మాడు, హమాలీకి పోయాడు, ఏదీ నిలవలేదు. మళ్లీ ఒక పెద్ద మిల్లు వస్తే తప్ప మనోళ్లకు పనులు రావని ఆయన చివరిదాకా అనేవాడు. ఇప్పుడు గీసుగొండ, సంగెం దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చింది, 2017లో పునాదిరాయి వేశారు, మా వాడ నుంచి కొందరు అమ్మాయిలు కుట్టు పనికి పోతున్నారు. అది రావాలి, ఇంకా పెరగాలి. కానీ పక్కింటి అక్కకు నలభై ఎనిమిదేళ్లు, ఇంట్లో మంచం పట్టిన అత్త ఉంది, షిఫ్టుకు బస్సెక్కి పోలేదు. అలాంటివాళ్లకు ఇంటికి నడిచివెళ్లే దూరంలో ఆరు గంటల పని కావాలి. అది మాలాంటి బండ్ల దగ్గరే దొరుకుతుంది. ఈ మాట నేను గట్టిగా నమ్ముతా.

ఇక ఇబ్బందులు. 2023 జూలై వానలకు మా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, గ్రైండరు మోటారు మునిగింది. వైండింగ్‌కు ఖర్చు, పది రోజులు బండి బంద్, వాయిదా మాత్రం తేదీకి కట్టాల్సిందే. అప్పుడు పొదుపు సంఘంలో ఐదు వేలు తీసుకుని గండం దాటాను. సంఘంలో లేనివాళ్లు మళ్లీ గిరిగిరి దగ్గరికే పోయారు, మా లైన్‌లోనే ముగ్గురు. ఒకసారి నష్టం వస్తే ఆదుకునే ఏర్పాటు ఈ అప్పులో ఏమీ లేదు, ఇది నాకు కనిపించిన పెద్ద లోటు.

మూడో విడతకు చాలా తిరిగాను. 2023 ఆగస్టులో రెండోది తీరింది, డబ్బు పడింది 2024 జనవరిలో. బ్యాంకు పేరు రాయను. పోయినప్పుడల్లా "వచ్చే వారం రామ్మా" అన్నారు. ఒక్క వాయిదా తప్పని మనిషిని అన్నిసార్లు తిప్పితే పొద్దున గిరాకీ ఎవరు చూస్తారు? ఫిబ్రవరిలో మేడారం జాతర ఉంది, సరుకు ముందే నింపుకోవాలి, ఆ టెన్షన్ వేరే. చివరికి జాతరకు నెల ముందు పడింది కాబట్టి సరిపోయింది. 50,000తో రెండో బండి చేయించి హంటర్ రోడ్డు దిక్కు పెట్టాను, దాని మీద మా మరిది కొడుకు, ఇంకో ఆమె ఉంటారు. ముప్పై ఆరు వాయిదాలు, నెలకు పదహారు వందల పైచిలుకు. ఇరవై నాలుగు కట్టేశాను.

రెండో బండి పెట్టిన ఆరో నెలలో ఒకరోజు పొద్దున కార్పొరేషన్ వాళ్లు ట్రాక్టరు తెచ్చి బండి ఎత్తుకుపోయారు. ముందు ఒక్క మాట చెప్పలేదు. పిండి గిన్నెతో సహా పోయింది. వెండర్ కార్డు చూపించాం, అప్పు కాగితం చూపించాం. విడిపించుకోవడానికి నాలుగు రోజులు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది, సర్వే చేసి కార్డులివ్వకుండా ఎవరినీ లేపకూడదని, బండ్ల జాగాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది బండ్లవాళ్లే ఉండాలని అందులో ఉంది. నాకు కార్డు ఉండి కూడా ఇలా అయింది. ఒక చేత్తో అప్పిచ్చి ఇంకో చేత్తో బండి ఎత్తుకుపోతే వాయిదా ఎక్కడి నుంచి కట్టాలి? నన్నడిగితే అప్పు 50,000 నుంచి లక్ష చేయడం కంటే ఆరడుగుల జాగా ఖాయం చేయడం ఎక్కువ మేలు. జాగా ఉంటే మనిషిని నెల జీతానికి పెట్టుకుంటా, లేకపోతే రోజు కూలికే, అదీ భయంభయంగా.

ఇంకొకటి, అందరూ టిఫిన్ బండే పెడుతున్నారు. మొదటి విడత డబ్బులు పడ్డ ఏడాదిలో మా రోడ్డు మీద కొత్తగా నాలుగు ఇడ్లీ బండ్లు లేచాయి, ఇప్పుడు రెండే ఉన్నాయి. గిరాకీ పెరగలేదు, పంచుకున్నాం అంతే. బాగా నడుస్తున్నది చెప్పులు, బ్యాగులు కుట్టే ఒక అన్నది, ఆ పని చేసేవాళ్లు చుట్టుపక్కల లేరు కాబట్టి. అప్లై చేసే ముందు రెండు ఆదివారాలు మీ రోడ్డు మీద నిలబడి ఏది దొరకడం లేదో చూడండి. నేను కూడా ముందే చూసుంటే బోండాలు ఏడాది ముందే మొదలుపెట్టేదాన్ని.

ఇప్పుడు తీసుకునేవాళ్లకు: 2025లో పథకాన్ని మార్చి 2030 మార్చి దాకా పొడిగించారు. మొదటి విడత 15,000, రెండోది 25,000 అయింది, మూడోది 50,000 అలాగే ఉంది. రెండోది తీర్చినవాళ్లకు యూపీఐతో వాడే రూపే క్రెడిట్ కార్డు కూడా అంటున్నారు. నేను తీసుకోలేదు, చేతిలో కార్డుంటే పెళ్లిళ్లకు, పండగలకు వాడేస్తానేమోనని నా భయం.

నేనైతే ఐదుకు నాలుగు ఇస్తా. ఆ ఒకటి తగ్గించింది జాగా కోసం, బ్యాంకు చుట్టూ తిరిగిన ఐదు నెలల కోసం.

మొన్న పక్కింటి అక్క గిన్నెలు కడుగుతూ అడిగింది, "నాకూ ఇప్పియ్యరాదే, సాయంత్రం మిర్చి బజ్జీలు పెట్టుకుంట" అని. పొద్దున నా బండి, సాయంత్రం అదే జాగాలో ఆమె బండి. ఆ పూట మా రోడ్డు మీద బజ్జీలు దొరకవు, ఆమె కూడా గమనించింది. నిన్న రాత్రి కూర్చుని కాగితాలు తీశాం. ఆధార్‌కు ఫోన్ లింక్ లేదు. సోమవారం ఇద్దరం కలిసి మీసేవకు పోతున్నాం.