ఎర్ర గీతకు లొంగని 412

నాలుగేళ్ల మూడు నెలలుగా ఒకే షుగర్ మిషను వాడుతున్నాను. ఇన్నేళ్లలో అది నాతో అబద్ధం చెప్పింది ఒకే ఒక్క రోజు. చెప్పినందుకు కోపం లేదు, అందులో తప్పు నాదే. చెప్పిన అబద్ధాన్ని కొట్టివేయనివ్వదు చూడండి, అదీ నా బాధ.

నేను రావులపాలెంలో అరటి గెలల కమీషన్ కొట్లో గుమాస్తాను. ముప్ఫై ఏళ్లుగా చిట్టా రాస్తున్నాను. మా పనిలో తప్పు అంకె పడితే చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు. ఎర్ర గీత ఒకటి గీసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెట్టాలి. తప్పు ఎక్కడ జరిగిందో అందరికీ కనపడుతుంది, మొత్తంలో మాత్రం కలవదు. ఈపాటి వసతి ఆ మిషను తయారుచేసినవాళ్లకు తోచలేదు.

కంపెనీ పేరు రాయను. ఎంత రక్తం కావాలి, ఎన్ని సెకన్లకు చెబుతుంది అనేవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి అవీ వదిలేస్తున్నాను. నేను చెప్పేదంతా దాని జ్ఞాపకం గురించి.

కొన్న కొత్తలో ఈ జ్ఞాపకాన్నే తెగ పొగిడాను. 500 పరీక్షల అంకెలు తేదీతో, వేళతో దాచుకుంటుంది. పక్కనున్న బటను నొక్కుతూ వెనక్కి పోతుంటే నాకు అంకెలు కాదు, విస్తళ్లు కనపడేవి. 138 అంటే అంబాజీపేట. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు రెండు, అల్లం పచ్చడి. ఆకు విప్పగానే వచ్చే ఆ పచ్చి పనస వాసన కోసమైనా మళ్లీ వెళ్లాలి. 214 అంటే వరద రోజుల్లో మా తోడల్లుడి ఇంట్లో పులస పులుసు. పులస ఏ పాపమూ ఎరగదు. ఆ పులుసు కోసం మూడోసారి పెట్టించుకున్న అన్నానిదే ఆ 214. 126 ఎదురుగా ఏముందో ఎంత ఆలోచించినా గుర్తురాదు. బహుశా ఇంట్లో బీరకాయ కూర.

అన్నింటిలోకి నాకు ఇష్టమైన అంకె 61. చెబితే మా డాక్టరుగారు కూడా నవ్వారు. భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది తీర్థానికి వెళ్లాం. పొద్దున్నే మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నాను. తర్వాత రథం చూడాలని జనంలో ఇరుక్కుపోయి మధ్యాహ్న భోజనం మాట మరిచాను. ఉన్నట్టుండి చేతులు వణికాయి, చల్లటి చెమట పట్టింది. పక్కకు వచ్చి చూసుకుంటే 61. షుగరు 70 కంటే దిగితే ఆలోచించకుండా మూడు చెంచాల పంచదారకు సమానమైన తీపి తినాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. ఎదురుగా దుకాణంలో పంచదార చిలకలు. గులాబీ రంగుదొకటి, తెల్లదొకటి కరకర నమిలేశాను. పావుగంటకు 94. ఆ తర్వాతే కుదురుగా కూర్చుని అన్నం తిన్నాను. షుగర్ వచ్చాక నేను ఎవరికీ దాచకుండా, ఎవరి చేతా తిట్టు తినకుండా తిన్న మిఠాయి అదొక్కటే.

ఇక ఆ 412 సంగతి.

కాలువ గట్టు మీద పొద్దున్నే నడిచేవాళ్లం ఐదుగురం. ఐదుగురికీ షుగరే, వేరే అర్హత అడగం. నిరుడు కార్తీకంలో వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకున్నాం. ఏడు వారాలు దర్శనానికి వెళితే కోరిక తీరుతుందని మా వైపు నమ్మకం. మా కోరిక ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మూడో శనివారం గుడిలో ప్రసాదంగా పెట్టిన అన్నం తిని, ఆత్రేయపురంలో మా వదినగారి చిన్నమ్మ కూతురి ఇంటికి వెళ్లాం. వాళ్లది పూతరేకులు చేసే ఇల్లు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ కబురు చెబుతూనే ఆవిడ బోర్లించిన కుండ ముందు కూర్చుంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. పలుచటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే రేకు లేచి వస్తుంది. చేతిలోకి తీసుకుంటే అవతల మనిషి ముఖం కనపడేంత పలుచన.

"అన్నయ్యగారూ, ఊరికే చూడకపోతే మీరూ రెండు చుట్టకూడదూ" అంది. సరేనని కూర్చున్నాను. రేకు పరచడం, నెయ్యి రాయడం, బెల్లం పొడి చల్లడం, నాలుగు వైపులా మడవడం. మొదటిది చిరిగింది, రెండోది వంకర పోయింది, నాలుగోదానికి ఆవిడ ఫరవాలేదంది. ఎనిమిది చుట్టాను. ఒక్క పలుకు నోట్లో వేసుకోలేదు.

ఎందుకంటే మా ఐదుగురికీ ఒక ఒప్పందం ఉంది. బయటికి వెళ్లినప్పుడు ఏ మిఠాయి ఎదురైనా ముందు మిషను చూడాలి. భోజనమైన రెండు గంటలకు 180 లోపు ఉంటే సగం ముక్క, దాటితే వాసన. పన్నెండుంబావుకు తిన్నాం, రెండుంపావు దాటగానే పంచెకు చేతులు తుడుచుకుని అరుగు మీద కూర్చుని వేలు గుచ్చుకున్నాను.

412.

నా జన్మలో 300 చూడలేదు. గొంతు తడారిపోయింది. "పొద్దున మాత్ర వేసుకున్నావా లేదా?" అని వదినగారు. ఆవిడ అడిగిన తీరుకు వేసుకున్నానో లేదో నాకే అనుమానం వచ్చింది. సంచిలోంచి స్పిరిట్ దూది తీసి పక్క వేలు గట్టిగా తుడిచి, ఆరనిచ్చి మళ్లీ గుచ్చాను. 338. "తగ్గుతోంది, తగ్గుతోంది" అంది వదినగారు, పొయ్యి మీద పాలు దించినట్టు. ఐదు నిమిషాల్లో 74 తగ్గడం ఏ లెక్కకూ అందదని నాకు తెలుస్తూనే ఉంది. ఒకాయన కారు తిప్పించమంటున్నాడు, ఆస్పత్రికి.

మా జట్టులో రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు ఉన్నారు. ఆయన ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూశారు. "గుమాస్తాగారూ, ఇది మీ రక్తంలో షుగరు కాదు, మీ వేలి మీద బెల్లం. వెళ్లి సబ్బుతో కడుక్కు రండి." పెరట్లో బోరింగు కొట్టి, గోళ్ల సందులతో సహా తోముకుని, పొడి తువ్వాలుతో తుడుచుకుని మూడోసారి గుచ్చుకుంటే 171.

ఆయన వివరించింది ఇదీ. మిషనుకు తగిలించే స్ట్రిప్పు పీల్చుకునే రక్తం ఒక్క మైక్రోలీటరు కూడా ఉండదు. అంత చిన్న చుక్కలో కంటికి కనపడని తీపి కరిగినా అంకె ఎక్కడికో పోతుంది. అదే పంచదార పొడి అయితే ఇంత మోసం జరిగేది కాదు, ఎందుకంటే స్ట్రిప్పు పట్టుకునేది గ్లూకోజును, పంచదారను కాదు. బెల్లంలో కొంత గ్లూకోజు విడిగా ఉంటుంది. పండ్లు కోసిన చేతులతో చూసుకున్నా ఇదే గతి. స్పిరిట్‌తో తుడిస్తే తీపి పూర్తిగా పోదు, నీళ్లకే పోతుంది. ఇదంతా విన్నాక ఇంటికొచ్చి మిషనుతో ఇచ్చిన పుస్తకం తెరిచాను. చేతులు కడుక్కోమని మొదటి మాటే అది. మూడేళ్లుగా అట్టపెట్టెలో ఉంది.

అన్నట్టు, 171 వచ్చింది కాబట్టి ఒప్పందం ప్రకారం సగం పూతరేకు తిన్నాను, నేను చుట్టిన వంకరదే. పళ్లకు పని లేదు. నాలుక మీద పెట్టగానే రేకు తడిసి, నెయ్యి ముందు తగిలి, ఆ తర్వాత తీరిగ్గా బెల్లం వచ్చింది. వదినగారు మిగతా సగం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ పొట్లంలో పెట్టేసింది.

ఆ సాయంత్రమే తగువు మొదలైంది. 412నూ 338నూ తీసేద్దామని మిషనులో ఉన్న బటన్లన్నీ నొక్కాను. ఒక్కదాన్ని తీసే దారి లేదు. కంపెనీవాళ్లకు ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, కావాలంటే మొత్తం చెరిపేసుకోవచ్చండి అని చెప్పింది. ఒక తప్పు పద్దు కోసం చిట్టా అంతా తగలబెట్టుకోమన్నట్టు. ఎవరూ మార్చకుండా అలా చేశారేమో, నాలాంటివాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు పెద్ద అంకెలు మాయం చేస్తారని భయం కాబోలు. ఆ భయం న్యాయమైనదే. అందుకే చెరపమనలేదు నేను, కొట్టివేయనివ్వమన్నాను.

ఈ రెండు అంకెలూ ఏం చేశాయంటే, మిషను చూపించే పద్నాలుగు రోజుల సగటును పాడుచేశాయి. ఆ పద్నాలుగు రోజుల్లో నా అసలు పరీక్షలు 28, వాటి సగటు 150. ఆ రెండూ కలిపితే 30 పరీక్షలకు 165. నా పదిహేను రోజుల పథ్యం కాస్తా బెల్లం పొడిలో కొట్టుకుపోయింది. మరుసటి వారం డాక్టరుగారు మిషను తీసుకుని బటను నొక్కి, 165 దగ్గర కనుబొమలు ఎత్తి, 412 దగ్గర నావైపు చూశారు. ఆత్రేయపురం కథంతా చెప్పాను. షుగర్ ఉన్నవాళ్లు చెప్పే కథలు ఆయన చాలా విని ఉంటారు. "అలాగా, మూడు నెలల పరీక్ష చేయిద్దాం" అన్నారు. మూడు నెలల షుగరు సగటు చెప్పే ఆ హెచ్‌బిఏ1సి పరీక్షలో 6.9 వచ్చింది. అంటే మిషను లెక్కలో సగటు 151కి సమానమట. నేను ఎర్ర గీత గీసి వేసిన లెక్క 150. రెండు లెక్కలూ ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమే కావచ్చు, అయినా ఆ కాగితం ఇప్పటికీ పర్సులో ఉంది.

ఇంతకీ మిషను కచ్చితత్వాన్ని నేను తప్పుపట్టడం లేదు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే, 100 పైన ఉన్న అంకె పదిహేను శాతం అటూ ఇటూ కావచ్చు. 171కి బదులు 160 వచ్చినా 185 వచ్చినా మాట్లాడను. బ్యాటరీ మార్చినప్పుడు గడియారం తప్పిపోయి, మధ్యాహ్నం అంకెలు అర్ధరాత్రివిగా పడటం ఇంకో చిరాకు, అది సరిచేసుకోవచ్చు. వానాకాలం స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించకపోతే మా తేమకు నాలుగు స్ట్రిప్పులు వృథా. చిన్న చుక్క చాలని ఒకప్పుడు మెచ్చుకున్నది కూడా చలికాలం పొద్దుటిపూట నా బండ వేళ్లకు వర్తించదు.

నేను పొగిడిన జ్ఞాపకం సంగతీ అంతే. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక, మాస్టారికి అంతర్వేది 61 చూపిద్దామని వెనక్కి నొక్కుతూ పోయాను. వేళ్లు నొప్పి పుట్టాయి గానీ మాఘమాసం రాలేదు. అన్నింటికంటే పాత అంకె వేసవిది. రోజుకు రెండు చొప్పున 500 అంటే 250 రోజులు, ఎనిమిది నెలల పైచిలుకు. ఆ పైన కొత్తది ఒకటి రాగానే పాతది ఒకటి చప్పుడు లేకుండా పోతుంది. నేనే లెక్క వేసుకోలేదు, 500 అనగానే చాలా పెద్దదనుకున్నాను. నా పంచదార చిలకలు ఎప్పుడు ఎగిరిపోయాయో తెలియదు. అప్పటినుంచి పొడుగు పుస్తకం ఒకటి పెట్టి తేదీ, వేళ, తిన్నది, అంకె రాసుకుంటున్నాను. 412 కూడా రాశాను. ఎర్ర గీత, పక్కన 171, సంతకం.

కొనమంటారా అని మా నడక జట్టులో కొత్తగా చేరినాయన అడిగాడు. నాకు సరిపోయింది, అంతవరకే చెప్పగలను. నేను మాత్రల మీదే ఉన్నాను, రోజుకు రెండుసార్లు చూసుకుంటే చాలు, రాసుకునే అలవాటు పుట్టుకతో ఉంది. ఇన్సులిన్ తీసుకుంటూ రోజుకు నాలుగైదు సార్లు గుచ్చుకునేవాళ్లకు ఈ జ్ఞాపకం మూడు నాలుగు నెలలే వస్తుంది. ఫోనుకు అంకెలు పంపే రకాలు ఉన్నాయి, అవి వాళ్లకు నయమేమో. మా అబ్బాయి ఒకటి కొనిస్తానంటున్నాడు, పాత స్ట్రిప్పులు రెండు డబ్బాలు అయ్యాక చూద్దామన్నాను.

మొన్న ఆషాఢంలో ఒక రోజు లెక్క చూసుకుంటే 412 వంతు వచ్చేసింది. పొద్దున పరగడుపున చూసుకోగానే అది పోయింది. రాత్రి భోజనమయ్యాక చూసుకుంటే 338 కూడా పోయింది. ఇక అన్నింటికంటే పాతది 171. బోరింగు దగ్గర చేతులు కడుక్కొచ్చాక వచ్చినది, సగం పూతరేకుకు అనుమతి ఇచ్చినది. మర్నాడు పొద్దున పరీక్ష కాస్త ఆలస్యంగా చేసుకున్నాను.