నెర్హా: బస వెతికే ముందు మెట్ల సంగతి అడగండి

స్పెయిన్ దక్షిణ తీరంలో, మలగాకి తూర్పున సుమారు 50 కి.మీ. దూరంలో ఉంది నెర్హా. ఈ ఊరికి రైలు లేదు. మలగా విమానాశ్రయం నుంచి సి1 లోకల్ రైలెక్కి మరియా సంబ్రానో స్టేషన్లో దిగితే పక్కనే బస్‌స్టేషన్, అక్కణ్నుంచి అల్సా కంపెనీ బస్సు. ఎక్కే ముందు ఎన్నిచోట్ల ఆగుతుందో చూసుకోండి. తీరం వెంట ఊరూరా ఆగే బస్సుకీ హైవే మీద పోయేదానికీ అరగంట పైనే తేడా వస్తుంది. నెర్హాలో దిగేది రోడ్డు పక్క స్టాపులో. అక్కణ్నుంచి సముద్రం వైపు అంతా దిగుడే కాబట్టి వెళ్లేటప్పుడు హాయి. పెట్టెలతో తిరిగి ఎక్కేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

ఊరు కొండ అంచు మీద ఉంది, బీచ్‌లు దాని కాళ్ల దగ్గర. బస ఎంచుకోవడంలో చూడాల్సింది ఇదే. సముద్రం మీదికి చూసే వేదిక 'బాల్కన్ దె యూరోపా' చుట్టూ పాత వీధుల్లో ఉంటే అన్నీ నడక దూరమే, కానీ చాలా సందుల్లోకి టాక్సీ రాదు, వేసవి రాత్రుళ్లు సందడి తగ్గదు. పాత ఇళ్లలో లిఫ్టు అరుదు. పైగా అక్కడ 'ప్రిమేరా' అంటే మన లెక్కలో మొదటి అంతస్తే, నేల మీదిది 'బాహా'. కరబేయో వీధి కాస్త ప్రశాంతం. పెద్దవాళ్లు వెంట ఉంటే ప్రభుత్వ హోటల్ పరదోర్‌కి ఎక్కువ పెట్టినా దండగ కాదు: కొండ పైనుంచి బురియానా బీచ్‌కి దానికి లిఫ్టు ఉంది. ఊరి శివార్లలో ఈతకొలను ఉన్న చవక అపార్ట్‌మెంట్లు కారున్నవాళ్లకే. ఆగస్టులో ఆ కారు ఊళ్లో పెట్టడానికి చోటు దొరకడం మరో తంటా.

బురియానాలో ఇసుక బూడిదరంగు, గరుకు, చెప్పులు కావాలి. అట్లాంటిక్ నీరు జిబ్రాల్టర్ గుండా లోపలికి రావడం వల్ల జూలైలోనూ సముద్రం చల్లగానే ఉంటుంది. పక్క ఊరు మారో కొండల కింద జలపాతం దాకా కయాక్‌లో (తెడ్డుతో నడిపే చిన్న పడవ) పోవాలంటే ఉదయమే మేలు. లెవాంతే, అంటే తూర్పు గాలి, లేచిందంటే అలలు పెరిగి ప్రయాణాలు రద్దవుతాయి. కాబట్టి కయాక్‌ని చివరి రోజుకి పెట్టుకోకండి.

గుహలు ఊరికి 4 కి.మీ. దూరంలో, మారో దగ్గర. 1959 జనవరి 12న అయిదుగురు కుర్రాళ్లు గబ్బిలాల వెంటపడి కనుక్కున్నారు. వాళ్లలో ఒకరు తర్వాత బురియానాలో పెట్టిన 'ఆయో'లో కట్టెల పొయ్యి మీద పెద్ద పళ్లెంలో పయేయా అనే అన్నం వంటకం వండుతారు, రెండోసారి అడిగినా వడ్డిస్తారు. అందులో మాంసం ఉంటుంది సుమా. గుహకి టికెట్ సమయం ప్రకారం, ముందే కొనాలి. లోపల 32 మీటర్ల స్తంభం చూడాల్సిందే. ఆదిమ చిత్రాలున్న పై గదుల్లోకి మాత్రం సందర్శకులను పంపరు. మెట్లు తడిగా ఉంటాయి, జారే చెప్పులొద్దు.

శాకాహారులకి కష్టం తిండి లేక కాదు, పైన చల్లే హామ్ (పంది మాంసం) వల్ల. చల్లటి టమాటా సూపు సాల్మోరేహో మీద కూడా వేస్తారు. ఆర్డరిచ్చేటప్పుడే 'సిన్ హామోన్, సిన్ అతూన్' అనాలి. 'సిన్' అంటే లేకుండా, హామోన్ అంటే హామ్, అతూన్ అంటే ట్యూనా చేప. చాలా హోటళ్ల వంటిళ్లు సాయంత్రం మూసి, రాత్రి ఎనిమిదికి గానీ తెరవవు. అడగాల్సింది 'బెరెన్హేనాస్ కోన్ మియెల్ దె కాన్యా': వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం. మనకి వంకాయ బజ్జీ మీద బెల్లం పాకం పోసినట్టే ఉంటుంది. ఆ పాకం కాచేది 6 కి.మీ. దూరంలోని ఫ్రిహిల్యానా అనే ఊళ్లో. అక్కడికి బస్సుంది, ఆదివారం వెళ్లేట్టయితే తిరుగు బస్సు ముందే చూసుకోండి.