పెద్ద కంపెనీపై సీసీఐకి వెళ్ళాలంటే: సొంత పేరా, సంఘం పేరా?

ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ మీ లిస్టింగ్ తీసేసినా, పోటీదారుతో ఒప్పందం చేసుకుని మిమ్మల్ని పక్కన పెట్టినా కాంపిటీషన్ యాక్ట్ కింద కాంపిటీషన్ కమిషన్‌కు (సీసీఐ) ఫిర్యాదు చేయవచ్చు. స్వయంగా నష్టపోయినవాళ్ళే రావాలన్న షరతు లేదని 2020లో ఊబర్, ఓలా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి మీరూ వెళ్ళవచ్చు, మీ సంఘమూ వెళ్ళవచ్చు.

హోటళ్ల కేసులో ఈ రెండూ జరిగాయి. మేక్‌మైట్రిప్, ఓయోలపై 2019లో హోటళ్ల సమాఖ్య వెళ్ళింది. తమ సైట్లో ఉన్నదాని కంటే తక్కువ రేటు ఇతర సైట్లలో పెట్టకూడదన్న షరతు లాంటివి దాని ఫిర్యాదులో ఉన్నాయి. ఇవి హోటళ్లందరి బాధ. సంఘం వెళితే ఏ ఒక్క హోటలూ ప్లాట్‌ఫామ్ కంట్లో పడక్కర్లేదు, ఖర్చూ పంచుకోవచ్చు. ట్రీబో అనే హోటళ్ల సంస్థది వేరే బాధ: మేక్‌మైట్రిప్ ఓయోతో చేసుకున్న ఒప్పందం వల్ల తనను ఆ సైట్ నుంచే తొలగించారన్నది. అందుకే ట్రీబోను నడిపే కంపెనీ విడిగా ఫిర్యాదు చేసింది. 2021 మార్చిలో ట్రీబో, అలాంటిదే మరో సంస్థ ఫ్యాబ్‌హోటల్స్ కోరిన మీదట, వాటిని మళ్ళీ లిస్ట్ చేయమని సెక్షన్ 33 కింద సీసీఐ మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ఓయో గుజరాత్ హైకోర్టుకు వెళ్ళడంతో అది ఆగిపోయింది. తుది ఉత్తర్వు 2022 అక్టోబరులో వచ్చింది: మేక్‌మైట్రిప్‌కు రూ.223.48 కోట్లు, ఓయోకు రూ.168.88 కోట్ల జరిమానా.

నా మాట ఇది: దెబ్బ మీ ఒక్కరికే తగిలితే, అదీ వ్యాపారం ఆగిపోయేంత దెబ్బయితే, సొంత పేరుతోనే వెళ్ళండి. మీ నష్టాన్ని మీ లెక్కలతో చూపించగలిగేది మీరే. షరతు అందరిదీ అయితే సంఘమే మేలు. జరిమానా మాత్రం ప్రభుత్వ ఖజానాకే పోతుంది. మీ నష్టపరిహారం కోసం, తప్పు తేలాక, సెక్షన్ 53ఎన్ కింద ఎన్‌సీఎల్‌ఏటీలో (కంపెనీ కేసుల అప్పీలు ట్రిబ్యునల్) వేరే దరఖాస్తు వేయాలి.

ఎవరి పేరుతో వెళ్ళినా ఫిర్యాదులు ఎక్కువగా చిక్కుకునేది ఆధిపత్యం, అంటే ఆ కంపెనీ మార్కెట్‌ను శాసించే స్థాయిలో ఉందని, నిరూపించే దగ్గరే. ఫ్లిప్‌కార్ట్‌పై ఆన్‌లైన్ వర్తకుల సంఘం వేసిన ఫిర్యాదును 2018 నవంబరులో సీసీఐ మూసేసింది, ఆ మార్కెట్లో ఎవరికీ ఆధిపత్యం లేదని. ఢిల్లీ వ్యాపారుల సంఘం మాత్రం అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లు కొందరు అమ్మకందారులతో చేసుకున్న ఏర్పాట్లను ఎత్తిచూపింది. ఇలాంటి ఏర్పాట్లకు వర్తించే సెక్షన్ 3(4) కింద ఆధిపత్యం నిరూపించక్కర్లేదు, పోటీకి గణనీయమైన హాని చూపితే చాలు. 2020 జనవరిలో విచారణకు ఆదేశం వచ్చింది. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు స్టే ఇచ్చింది! నెలల తరబడి ఆగే ఓపిక, డబ్బు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

ఫైలులో ఒప్పందంలోని ఆ క్లాజు, లిస్టింగ్ తీసేసినట్టు వచ్చిన మెయిల్ తేదీతో సహా, అంతకుముందూ ఆ తర్వాతా నెలవారీ అమ్మకాల లెక్క ఉండాలి. "మాకు అన్యాయం జరిగింది" అన్న ఉత్తరం ఎక్కడా నిలవదు. 2023 సవరణ తర్వాత మూడేళ్ల గడువూ ఉంది. దాటితే ఆలస్యానికి కారణం చెప్పి ఒప్పించాలి.

అసలు గొడవ బిల్లు బకాయిదైతే సీసీఐ జోలికే పోకండి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలు కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ చూస్తుంది. ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. కౌన్సిల్ తీర్పును కొనుగోలుదారు సవాలు చేయాలంటే తీర్పులో చెప్పిన మొత్తంలో 75 శాతం ముందే జమ చేయాలి.