కార్బైడ్ ఉలి: నల్లరాయిలోంచి అగేట్ గడ్డలు తీయడానికి కొన్నేళ్లు వాడాక

ఈ ఉలితో గట్టిగా కొట్టాల్సిన పని లేదు. నాకు దీని మీద ఇంత ఇష్టం ఏర్పడటానికి కారణం అదొక్కటే. ముప్పావు అంగుళం వెడల్పు, అంచున టంగ్‌స్టన్ కార్బైడ్ (స్టీలు కన్నా చాలా గట్టి పదార్థం) ముక్క అతికించిన చదును ఉలి ఇది. గ్రానైట్ చెక్కేవాళ్ల దగ్గర కనిపించే రకమే. బరువు, పొడవు లాంటివి అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

నేనుండేది హైదరాబాద్‌లో. వీలు దొరికితే వికారాబాద్ వైపు వెళ్తాను. అక్కడ పొలాల గట్ల మీద, బావులు తవ్వినప్పుడు తీసి పోసిన నల్లరాళ్ల కుప్పలుంటాయి. రైతును అడిగి, ఆయన సరే అంటేనే ముట్టుకుంటాను. అనంతగిరి అడవిలోంచి మాత్రం రాయి తీయకూడదు, తీయను. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన దక్కన్ లావా ఈ ప్రాంతం దాకా వచ్చింది. అది గడ్డకట్టి ఏర్పడిందే ఈ నల్లరాయి, అంటే బసాల్ట్. ఒక్కో లావా పొర పైభాగంలో గాలి బుడగలు చిక్కుకుపోయాయి. తర్వాత ఎప్పుడో ఆ ఖాళీల్లోకి సిలికా కరిగిన నీళ్లు చేరి, పొర మీద పొర పేరుకుని అగేట్ అనే చారల రాయి గడ్డలయ్యాయి. పొర మధ్యలోని గట్టి రాయిలో ఇవి దాదాపు దొరకవు. అందుకే కుప్పలో నున్నటి రాళ్లను వదిలేసి, బొక్కలు బొక్కలుగా ఉన్నవి వెతుకుతాను.

అసలు కష్టం రాయి దొరికాక మొదలవుతుంది. అగేట్ నల్లరాయి కన్నా గట్టిది, కానీ పెళుసు. దెబ్బ అదురు లోపలికి పాకిందంటే గాజు పెంకులా పగులుతుంది. మామూలు స్టీలు ఉలికి కొత్తలో పదును బాగానే ఉంటుంది. గంట తిరక్కుండా అంచు మొద్దుబారుతుంది. అంచు మొద్దుబారిన కొద్దీ చెయ్యి తెలియకుండానే దెబ్బ పెంచుతుంది. రాయి చెక్కుకు రావడం ఆగిపోయి, దెబ్బ బలమంతా గడ్డ మీదికి పోతుంది. తీరా బయటికి తీస్తే రెండు ముక్కలు. ఈ సరదా ఉన్నవాళ్లందరి డబ్బాల్లోనూ అలాంటి సగం గడ్డలు ఉంటాయి.

కార్బైడ్ అంచు అలా మొద్దుబారదు. అరకిలో సుత్తితో, మణికట్టు మాత్రమే కదిలేలా తట్టుకుంటూ పోతే చాలు. రాయి గోరంత పెచ్చులుగా లేస్తుంది. ముందు గడ్డకు రెండు వేళ్ల దూరంలో చుట్టూ గాడి చేస్తాను. ఉలి మొన ఎప్పుడూ గడ్డకు ఎదురుగా ఉండదు, పక్కగా జారిపోయే వాలులో ఉంటుంది. రాయి కింద ఇసుక నింపిన గోనెసంచి తప్పనిసరి, అదురు సగం అందులోకే పోతుంది. గాడి లోతైన కొద్దీ చప్పుడు మారుతుంది. మొదట్లో ఖంగుమంటుంది, రాయి వదులవుతున్నప్పుడు బోలుగా డొప్పుమంటుంది. ఆ డొప్పు వినబడ్డాక సుత్తి ఇంకా తేలిక చేయాలి. చాలా గడ్డల చుట్టూ ఆకుపచ్చటి పలచటి పొర ఉంటుంది, సెలడొనైట్ అనే మెత్తటి ఖనిజం. ఉలి అక్కడిదాకా చేరితే ఇక కొట్టడం ఆపేయొచ్చు. వేయించిన పల్లీ మీద పొట్టులా రాయి గడ్డను వదిలేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు రాయిని నీళ్లలో ముంచి తీసి, తుడిచి, ఆరనిస్తాను. పైనంతా ఆరాక కూడా పగుళ్లున్న చోట తడి గీత కాసేపు నిలుస్తుంది. గాడి ఏ వైపు మొదలెట్టాలో ఆ గీతలే చెబుతాయి. వెనిగర్, యాసిడ్ గురించి చాలామంది అడుగుతారు. అవి గడ్డకు అంటుకున్న కాల్సైట్‌ను కరిగిస్తాయి కానీ నల్లరాయిని ఏమీ చేయలేవు. రాయిని కాల్చి నీళ్లు చల్లే పద్ధతి మాత్రం దయచేసి వద్దు. రాయి కన్నా ముందు అగేట్ పగులుతుంది.

ఇక ఉలి విరిగిన కథ. ఓ వానాకాలం ఒక ముసలాయన పొలంలో గుప్పిట్లో పట్టేంత గడ్డ ఉన్న రాయి దొరికింది. ఒక కొసన పెచ్చు లేచిపోయి, లోపలి తెలుపు, బూడిద, లేత నీలం చారలు కనిపిస్తున్నాయి. "ఈ రాళ్లు కొట్టి ఏం జేస్తవ్ బిడ్డా?" అన్నాడాయన. కొసన ఉన్న చారలు చూపించాను. వేలితో తడిమి చూసి, "మా గట్ల మీద ఇట్లాంటియి ఉన్నయా!" అని పక్కనే కూర్చున్నాడు. మూడు వైపులా గాడి అయింది. నాలుగో వైపు మొదలెట్టిన కాసేపటికి ఉలి చప్పుడు ఒక్కసారిగా మారింది. తీసి చూస్తే కార్బైడ్ ముక్క లేదు, రాయి గాడిలోనే ఉండిపోయింది. మెలి తిప్పలేదు, ఎత్తి పొడవలేదు, మామూలుగా తట్టిన దెబ్బే. అతుకు వైపు చూస్తే విషయం అర్థమైంది. ముక్కకూ ఉలికీ మధ్య అతుకు లోహం సగమే పట్టింది. మిగతా సగం నల్లగా, లోహం తాకిన ఆనవాలే లేకుండా ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే, వాడిన ఉలికి వారంటీ ఉండదని ఒక్క ముక్కలో తేల్చేశారు. అతుకులో లోపం వాడితేనే కదా బయటపడేది! ఆ జవాబు మీద కోపం ఇప్పటికీ పోలేదు.

సగం తీసిన గడ్డను రాయితో సహా బండిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. దారి పొడవునా ఎక్కడ అదురుతుందోనని టెన్షన్. తర్వాత బాలానగర్‌లో లేత్ టూల్స్‌కు టిప్పులు అతికించే షాపుకు ఉలి పట్టుకెళ్లాను. అక్కడి మేస్త్రి అతుకును ఒక్కసారి చూసి, "ఫ్లక్స్ పారలేదన్నా, సగం ఉత్తగనే నిలబడ్డది" అన్నాడు. ఫ్లక్స్ అంటే అతుకు లోహం బాగా పట్టడానికి ముందు రాసే మందు. రెండు ముఖాలూ శుభ్రంగా గీకి, ఫ్లక్స్ రాసి, వెండి కలిసిన రాడ్‌తో బ్రేజింగ్ చేశాడు. ఉలిని ఇసుకలో గుచ్చి దానంతటదే చల్లారేదాకా ముట్టుకోనివ్వలేదు. వేడి మీద నీళ్లలో ముంచితే కార్బైడ్ నెర్రెలిస్తుందట. ఆ అతుకు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అదే ఉలితో ఆ గడ్డ నాలుగో వైపు కూడా తీశాను. ఆకుపచ్చ పొరతో సహా నిండుగా బయటికి వచ్చింది. తర్వాతి వారం తీసుకెళ్లి చూపిస్తే ఆ తాత చాలాసేపు చేతిలోనే పెట్టుకున్నాడు.

కాబట్టి కొత్తది కొంటే మొదటి రోజే అతుకు చుట్టూ లెన్స్‌తో చూడండి. లోహం గీత అన్ని వైపులా తెగకుండా కనబడాలి. సానపట్టే విషయంలో కూడా జాగ్రత్త. మామూలు బూడిదరంగు సానరాయి కార్బైడ్ మీద పనిచేయదు, పచ్చ రంగు సిలికాన్ కార్బైడ్ చక్రం గానీ డైమండ్ గానీ కావాలి. ఊరి కొలిమిలో పెట్టారంటే అతుకు కరిగి ముక్క ఊడిపోతుంది.

ఇంత పొగిడానని అన్ని చోట్లా ఇదే కావాలని కాదు. రాయి బాగా పుచ్చిపోయి, చేత్తో నలిపితే పొడి అయ్యే చోట పాత స్క్రూడ్రైవర్ చాలు. నల్లరేగడి చేలల్లోనైతే నల్లరాయి ఏనాడో మట్టయిపోయింది కాబట్టి వాన వెలిశాక గడ్డలు విడిగానే దొరుకుతాయి. గడ్డ కింది వైపు ఇరుకు సందులోకి కూడా ఈ చదును మొన దూరదు, ఆ చివరి పని మామూలు మొన ఉలితోనే. వాడగా వాడగా నా ఉలి ఒక మూల చిన్న పెచ్చు లేచింది. పని ఆగలేదు కానీ గాడి మునుపంత నీటుగా రావడం లేదు. ధర కూడా మామూలు ఉలికి నాలుగైదు రెట్లు.

గ్రైండర్‌తో అయితే పది నిమిషాల పని అని చాలామంది అంటారు. పెరడు, నీటి వసతి, సరైన మాస్క్ ఉన్నవాళ్లకు అది నిజమే కావచ్చు. నాది అపార్ట్‌మెంట్, పక్కింట్లో పసిపిల్లలున్నారు. పైగా గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ పూసలు సానపట్టే కార్మికులు ఆ దుమ్ము పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారిన పడుతున్న సంగతి చదివినప్పటి నుంచి అగేట్ మీద పొడి గ్రైండర్ పెట్టడానికి నాకు మనసొప్పదు. ఉలితో దుమ్ము తక్కువే గానీ పెచ్చులు కళ్లలోకి ఎగురుతాయి, కళ్లద్దాలు లేకుండా సుత్తి పట్టకండి. ఇంకా, జియాలజీ హ్యామర్‌నే రాయికి ఆనించి ఇంకో సుత్తితో దాని మీద కొట్టేవాళ్లను చూస్తుంటాను. రెండూ గట్టి స్టీలే కాబట్టి పెచ్చు బుల్లెట్‌లా లేస్తుంది.

నెలకో రెండు నెలలకో ఒక రాయి తెచ్చుకుని, బాల్కనీలో మెల్లగా తట్టుకుంటూ కూర్చునే నాలాంటివాళ్లకు ఈ ఉలి సరిగ్గా సరిపోతుంది. ముప్పావు అంగుళానిది దొరక్కపోతే అర అంగుళానిది కొనండి. అంగుళం దాటితే అంచంతా రాయికి ఆనడానికి దెబ్బ పెంచాల్సి వస్తుంది, అప్పుడు కార్బైడ్ ఉన్నా స్టీలు ఉలికి పెద్ద తేడా ఉండదు.