కొల్లేటి నీళ్లకు జీఎఫ్/ఎఫ్ గాజునార ఫిల్టర్: కొనవచ్చా?

చెరువు నీటిలో కార్బన్ కొలిచే పనికి కొత్తగా వచ్చిన విద్యార్థులు మా ప్రయోగశాలలో నన్ను తప్పకుండా అడుగుతారు: "మేడం, మామూలు ఫిల్టర్ పేపర్ సరిపోదా?" సరిపోదు. పేపరంటే సెల్యులోజు, సెల్యులోజులో ఉండేదే కార్బన్. బెల్లం తూచడానికి బెల్లంతోనే తూకపురాళ్లు చేసుకుంటామా?

జీఎఫ్/ఎఫ్ రకం అలా కాదు. బోరోసిలికేట్ గాజును సన్నని నారగా తీసి, జిగురేమీ కలపకుండా చేసిన తెల్లని బిళ్ల ఇది. వాడేముందు అల్యూమినియం రేకులో చుట్టి, మఫిల్ ఫర్నేసులో, అంటే బాగా వేడెక్కే మూసిన కొలిమిలో, 450 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచుతాం. అంటుకున్న దుమ్మూ జిడ్డూ కాలిపోతాయి, గాజు చెక్కుచెదరదు. ప్లాస్టిక్ పొరల ఫిల్టర్లు ఆ వేడికి నిలవవు. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది కానీ ఈ ఒక్క గుణానికే నేను డబ్బు పెడతాను.

ఇంత శ్రమ ఎందుకంటే, నేల మీది నుంచి నదుల్లోకీ చెరువుల్లోకీ ఏటా 190 కోట్ల టన్నుల కార్బన్ చేరుతుందని 2007లో ఒక అంచనా వచ్చింది. అందులో సముద్రం దాకా వెళ్లేది సుమారు 90 కోట్ల టన్నులే. 80 కోట్ల టన్నులు గాలిలో కలుస్తాయి, మిగిలింది అడుగున బురదలో దిగుతుంది. కొల్లేరు ఎంత పట్టి ఉంచుతోందో, ఉప్పుటేరులోకి ఎంత వదులుతోందో తేల్చాలంటే నీటిలో కరిగిన కార్బన్‌ను, తేలుతున్న కార్బన్‌ను ముందు విడదీయాలి. ఆ గీత గీసేది ఈ బిళ్లే. 0.7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఆగిందంతా తేలేది, దిగిందంతా కరిగింది. నిజానికి చిన్న బాక్టీరియా కొన్ని దూరిపోతాయి. ఆ ప్రాణులను కూడా "కరిగిన" పద్దులో రాయడం నాకిప్పటికీ నచ్చదు.

ఇక బురద సంగతి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే ఒండ్రు, చేపల చెరువుల నీరు, పైన నాచు. ఎండాకాలంలో 47 మిల్లీమీటర్ల బిళ్ల కూడా కాసేపటికే పచ్చగా పూడుకుపోతుంది. అప్పుడు పంపు జోరు పెంచకండి. నాచు కణాలు చిట్లి, లోపలి కార్బన్ కిందికి జారి లెక్క తారుమారవుతుంది. తక్కువ నీరు వడకట్టి, ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోండి చాలు. నత్తగుల్లల పొడి పడితే అందులోని కార్బొనేటు కూడా లెక్కలోకి వస్తుంది కనుక, కొలిచే ముందు బిళ్లకు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి పట్టించాలి.

బిళ్ల మెత్తన, తడిస్తే మరీను. పటకారుతో అంచు మాత్రమే పట్టుకోవాలి. నార ఊడుతుంది కూడా, కాబట్టి బరువు తూచే పనికైతే ముందే కడిగి ఆరబెట్టుకోండి.

కార్బన్ కొలిచే వాళ్లకు నా ఓటు దీనికే. బురద బరువు మాత్రమే కావాలంటే ఇంత ఖరీదైనది అక్కర్లేదు, ఇదే గాజునారలో కాస్త పెద్ద రంధ్రాల రకం జీఎఫ్/సి తీసుకోండి. అన్నట్టు, ఒక సరఫరాదారు మాకు జీఎఫ్/ఎఫ్ బిల్లు వేసి జీఎఫ్/సి పెట్టె పంపాడు. దానిది 1.2 మైక్రాన్ల వడపోత. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. పెట్టె మీది పేరు సీలు తీయకముందే చదవండి, తీశాక వాపసు తీసుకోరు.