వైహెకెలో వైన్ రుచులు: హిమాయత్‌నగర్ వ్యాన్ కంటే దీవి బస్సే నయం

న్యూజీలాండ్‌లో ఆక్లండ్ దగ్గరున్న వైహెకె దీవికి వెళ్ళి వైన్ రుచి చూద్దామనుకునే హైదరాబాద్ వాళ్ళకి ముందే ఒక మాట. అక్కడ బస్సులున్నాయి. ఫెర్రీ దిగేసరికి ఎదురుగా నిలబడి ఉంటాయి. "మేడమ్, ఆ దీవిలో ఏమీ దొరకదు, ప్రైవేటు వ్యాన్ తప్పదు" అని హిమాయత్‌నగర్‌లో ఏసీ గదిలో కూర్చుని చెప్పిన ట్రావెల్ ఏజెంటు మనిషికి 19,500 చొప్పున నలుగురికి 78,000, దాని మీద 5 శాతం జీఎస్టీ 3,900, వెరసి 81,900 రూపాయలు పట్టాడు. ఆ వ్యాన్ ఏ రంగులో ఉంటుందో మాకు ఇప్పటికీ తెలియదు.

మేం వెళ్ళింది 2025 ఫిబ్రవరిలో. అక్కడ అది మంచి ఎండాకాలం. నేను, మా ఆయన, ఆయన అక్క అంటే మా వదిన, అన్నయ్యగారు. సింగపూర్‌లో విమానం మారి ఆక్లండ్ చేరడం, రోటోరువా, క్వీన్స్‌టౌన్ తిరగడం, అన్నీ సాఫీగా గడిచిపోయాయి. గొడవంతా ఈ ఒక్క రోజుదే.

ట్రిప్పంతా కారు నడిపింది మా ఆయనే. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడపడం కాబట్టి ఇబ్బంది లేదు. కానీ వైన్ రోజు మాత్రం స్టీరింగ్ ముట్టనని హైదరాబాద్‌లోనే తేల్చి చెప్పేశారు. న్యూజీలాండ్‌లో ఇరవై ఏళ్ళు నిండినవాళ్ళకి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాకా ఊరుకుంటారు. మన దగ్గర 30 దాటితే కేసే. "మనకంటే ఎక్కువే కదయ్యా, భయమెందుకు" అన్నారు అన్నయ్యగారు. మా ఆయన ఆఫీసులో ఒకాయన ఓ రాత్రి జూబ్లీహిల్స్‌లో గొట్టం ఊది, ఆ తర్వాత గోషామహల్‌లో కౌన్సెలింగ్‌కి కూర్చొచ్చాడు. ఆ కథ విన్న దగ్గర్నుంచి మా ఇంట్లో దీని మీద చర్చ లేదు. అయినా రెండు మూడు చోట్ల కొంచెం కొంచెంగా తాగితే ఎవరి లెక్క ఎంతకి చేరిందో ఎవరికి తెలుస్తుంది?

రోజు కుదర్చడం పెళ్ళి ముహూర్తం పెట్టినంత పనైంది. వదిన అసలు తాగరు, కానీ తాగేవాళ్ళ పక్కన కూర్చోవడానికి కూడా వారం చూస్తారు. శనివారం వెంకటేశ్వరస్వామి, సోమవారం శివుడు, గురువారం బాబా, శుక్రవారం అమ్మవారు. అటు దీవి సంగతి చూస్తే వారం మొదట్లో కొన్ని వైనరీలు తలుపులు తియ్యవు. శని, ఆదివారాలు ఆక్లండ్ జనమంతా అక్కడే ఉంటారు, పైగా పెళ్ళి పార్టీలు. ఇద్దరి పట్టింపులూ కలిపి చూస్తే మిగిలింది బుధవారం ఒక్కటే. వారాల పట్టింపు లేనివాళ్ళు కూడా బుధ, గురువారాల్లో వెళ్ళడమే మంచిది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

ఫెర్రీ ఎక్కేది ఆక్లండ్ నడిబొడ్డున, క్వీన్ స్ట్రీట్ చివర. దీవిలో మటియాటియా రేవుకి 40 నిమిషాలు. దారిలో రాంగిటోటో అగ్నిపర్వతం పక్కగా వెళ్తుంది, పైన నిలబడితే బాగా కనిపిస్తుంది, టోపీ మాత్రం పట్టుకోండి. వోచర్లో ఫెర్రీ టికెట్ నిజమే, దానికి వంక పెట్టను. పదింటికి దిగాం. పేర్లు రాసిన అట్టలు పట్టుకుని నలుగురైదుగురు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. ఒక్కో అట్టా చదివాం. ఒకదాని మీద 'రెడ్డి' అని ఉంటే, మా ఇంటిపేరు కాకపోయినా అన్నయ్యగారు వెళ్ళి ఒకసారి అడిగొచ్చారు. పదిన్నరకల్లా రేవు ఖాళీ అయిపోయింది.

ఏజెంటుకి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఉండదా మరి? ఫిబ్రవరిలో న్యూజీలాండ్ టైము మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పదిన్నర అంటే హిమాయత్‌నగర్‌లో తెల్లవారుజామున మూడు. వోచర్ మీద '24 గంటల సపోర్ట్' అని వేసిన నంబరు కూడా ఆయన సొంత ఫోనుదే. ఫెర్రీ కౌంటర్లో అమ్మాయి బుకింగ్ నంబరు కొట్టి చూసి, నలుగురికి రానూపోనూ ఫెర్రీ తప్ప ఇందులో ఇంకేమీ లేదంది. వ్యాను, మూడు వైనరీలు, లంచి, అవన్నీ మనవాడు తన లెటర్‌హెడ్ మీద టైపు చేసుకున్న కవిత్వం.

వదిన బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని, "ఇవాళ గుడికి పోదామంటే ఎవరైనా విన్నారా" అని మొదలుపెట్టారు. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడలేదంటే లోపల లెక్కలు వేస్తున్నారని అర్థం.

అప్పుడు కనిపించింది ఎదురుగా బస్సు. డ్రైవరమ్మని అడిగితే, ఒనెటాంగి రోడ్డులో దింపుతాను, అక్కడ వైనరీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, నడిచి తిరగొచ్చు అంది. ఈ మాత్రం తెలుసుకోవడానికి మాకు 81,900 పట్టింది.

కార్డుల సంగతి జాగ్రత్త. 2024 నవంబరు నుంచి ఆక్లండ్ బస్సుల్లో మామూలు బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, కానీ ఒక కార్డు ఒక మనిషికే పనిచేస్తుంది. ఎక్కేటప్పుడూ తాకించాలి, దిగేటప్పుడూ తాకించాలి. మా నలుగురి దగ్గరా పనిచేసే కార్డులు మూడే. నాలుగోది అన్నయ్యగారి పెన్షన్ ఖాతాది, దానికి విదేశీ వాడకం ఆపేసి ఉంది. ఆయన యాప్ తెరిచి, ఎంపిన్ మర్చిపోయి, ఓటీపీ కోసం చూస్తుంటే వెనకాల ఎక్కేవాళ్ళు ఓపిగ్గా నిలబడ్డారు. మన సిటీ బస్సులో అయితే కండక్టర్ ఏమనేవాడో ఊహించుకోండి. ఆక్లండ్‌లో నాలుగు రోజులు ఉండేవాళ్ళు తలా ఒక ఏటీ హాప్ కార్డు (అక్కడి బస్సులకి వాడే ప్రయాణ కార్డు) తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఎక్కిన ప్రతిసారీ మనిషికి మూడు నాలుగు న్యూజీలాండ్ డాలర్లు, అంతే.

ఒనెటాంగి రోడ్డులో స్టోనీరిడ్జ్, టాంటలస్, టె మోటు, అన్నీ ఒక నడక దూరంలో ఉన్నాయి. ఈ దీవిలో వైన్ కోసం 1978లో గోల్డ్‌వాటర్ దంపతులు తోట వేశారు. స్టోనీరిడ్జ్ తోట 1982 నాటిది, అక్కడి లారోజ్ అనే రెడ్ వైన్‌కి పెద్ద పేరు. కాబర్నే సావిన్యాన్, మెర్లో, మాల్బెక్ లాంటి బోర్డో రకాల ద్రాక్ష కలిపి చేస్తారు. ధర చూసి మేం సీసాకి దణ్ణం పెట్టి వచ్చేశాం.

తోటలు చూడగానే నాకు చిన్నప్పటి శంషాబాద్ గుర్తొచ్చింది. ఇప్పుడు విల్లాలు లేచిన చోట అప్పట్లో అనాబ్‌షాహీ పందిళ్ళు ఉండేవి. మా నాన్న పందిరి కింద నిలబెట్టి గుత్తి కోయించేవారు. ఇక్కడ పందిళ్ళు లేవు, నడుమెత్తు తీగలు తీగకంచెలకి పాకించి, పిట్టలు తినకుండా తెల్లటి వలలు కప్పారు. ఫిబ్రవరి రంగు తిరిగే నెల. ఒకే గుత్తిలో సగం కాయలు పచ్చగా గట్టిగా, సగం నేరేడుపండు రంగులో ఉన్నాయి. అక్కడి కుర్రాడు వల ఎత్తి తలా ఒక కాయ తెంపి ఇచ్చాడు. శనగగింజ కంటే కాస్త పెద్దది, తొక్క మందం, లోపల రెండు గింజలు, రసం ఒక్క చుక్క. వగరుకి నాలుక బిగుసుకుపోయింది. రెడ్ వైన్‌కి రంగూ వగరూ వచ్చేది ఆ తొక్కా గింజల్లోంచే అన్నాడు. అనాబ్‌షాహీ తిన్న నోటికి ఇదేం ద్రాక్ష అనిపిస్తుంది, అది తినడానికి, ఇది వైన్‌కి.

మేం మొదట కూర్చున్న చోట రుచి చూపడానికి మనిషికి 20 డాలర్లు. మేం తాగేవాళ్ళం ముగ్గురం కాబట్టి 60. డాలరుకి 50 రూపాయలు వేసుకోండి. తలా నాలుగు రకాలు, గ్లాసు అడుగున రెండు గుక్కలంత పోస్తారు. అన్నయ్యగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు, వైన్‌కి మాత్రం అభ్యంతరం లేదు. రెడ్ వైన్‌ని తేటపరచడానికి కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన వాడతారు, చేప నుంచి తీసే పదార్థం, పాల పదార్థం వాడేవాళ్ళూ ఉన్నారు. ఈ ముక్క నేనే విమానంలో నోరుజారి చెప్పాను, ఆయన మర్చిపోతారా? గ్లాసు ముట్టకుండా పోసే అమ్మాయిని అడిగారు. ఆ అమ్మాయి నవ్వలేదు, విసుక్కోలేదు. లోపలికి వెళ్ళి అడిగొచ్చి, ఈ నాలుగింట్లో ఒకదానికి గుడ్డు వాడారు, మిగతావి మీకు పనికొస్తాయి అని చెప్పి, ఆ ఒక్కదాని బదులు ఇంకో రకం పోసింది. అదనంగా ఒక్క డాలరు తీసుకోలేదు. దీవిలో ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆ అమ్మాయినే. శాకాహారులు మొహమాటపడకుండా అడగండి, వీగన్ అని రాసి ఉన్న సీసాలు కూడా దొరుకుతాయి.

వదినకి కంపరం పుట్టించింది బకెట్. పుక్కిలించి ఉమ్మేయడానికి బల్ల మధ్యలో ఒక స్టీలు బకెట్ పెడతారు. పక్క బల్ల మీద సూటేసుకున్న పెద్దాయన వైన్ నోట్లో పోసుకుని, నాలుగుసార్లు తిప్పి, మర్యాదగా వంగి అందులో ఉమ్మాడు. "తినే బల్ల మీద ఎంగిలి బకెట్టా!" అని వదిన కుర్చీ వెనక్కి జరిపారు. పోసిన అమ్మాయికి తెలుగు రాకపోయినా విషయం అర్థమై బకెట్ తీసి కింద పెట్టింది. చెప్పొద్దూ, మా ముగ్గురిలో ఎవరూ ఉమ్మలేదు. డబ్బు పెట్టి కొన్నది ఉమ్మడానికి మనసొప్పలేదు.

మధ్యాహ్నం భోజనం సంగతే ఈ ట్రిప్పులో నేను అనుకోనిది. వైహెకెలో ఆలివ్ తోటలు కూడా ఉన్నాయి, నూనె అక్కడే తీస్తారు. వేడి బ్రెడ్డు, గిన్నెలో ఆలివ్ నూనె, కాల్చిన కూరగాయలు, రెండు పిజ్జాలు, అన్నీ కలిపి 86 డాలర్లు. వదిన నూనె వాసన చూసి, పచ్చిగడ్డి కంపు అని పక్కన పెట్టారు. తర్వాత బ్యాగులోంచి హైదరాబాద్‌లో కొన్న కారప్పొడి ప్యాకెట్ తీశారు. ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో నిజాయితీగా రాసి చూపించిన ప్యాకెట్టే అది, దాచి తెస్తే 400 డాలర్ల జరిమానా. నూనెలో పొడి కలిపి బ్రెడ్డు ముంచి తిన్నారు. ఆ ఘాటుకి గడ్డి వాసన ఎటుపోయిందో తెలియదు. పొడీ నూనే తప్ప ఇంకేం అక్కర్లేదనిపించింది నాకు. మేమంతా ఆ గిన్నె మీద పడితే ఇంకో బ్రెడ్డు తెప్పించాల్సి వచ్చింది. వదిన మూడ్ అక్కడ మారింది.

తర్వాత పోయిన చోటు పేరు చెప్పను. సముద్రం కనిపించే చోటు, ఫొటోలు చూసి అందరూ అక్కడికే పోతారు. మనిషికి 35 డాలర్లు, మూడే రకాలు. కిటికీ బల్లలు లంచి చేసేవాళ్ళకేనంటూ మమ్మల్ని వంటగది తలుపు పక్కన, సముద్రానికి వీపు చేసి కూర్చోబెట్టారు. పోసిన కుర్రాడు వైన్ పేర్లు గబగబా అప్పజెప్పి, మూడూ ఒకేసారి పోసేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ బిల్లుతోనే వచ్చాడు. 105 డాలర్లు. అందులో వైన్ ఎంత, మాకు చూపించని సముద్రానికి ఎంత అని అన్నయ్యగారు బస్టాపు దాకా లెక్క వేస్తూనే ఉన్నారు.

బస్సు మీద వెళ్ళేవాళ్ళు రోజుకి రెండు వైనరీలే పెట్టుకోండి, మూడోది ఎక్కువ. తూర్పు కొసనున్న మ్యాన్ ఓ వార్ వైనరీ పేరు చాలామంది చెప్తారు, కానీ అంత దూరం బస్సు పోదు, వదిలేయండి. ఆ టైముకి ఒనెటాంగి బీచిలో కాళ్ళు తడుపుకోవచ్చు. సాయంత్రం ఐదు తర్వాత రేవులో క్యూ పెద్దది, నాలుగింటికల్లా బస్సెక్కండి. ఇండియాకి మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు, అంటే రెండు సీసాలు, చెకిన్ పెట్టెలో చీరల మధ్య పెట్టి.

లెక్క చెప్తాను. రెండు చోట్ల వైన్‌కి 165 డాలర్లు, భోజనం 86, బస్సులకి దాదాపు 50. మొత్తం 300, అంటే 15,000 రూపాయలు మేం మళ్ళీ జేబులోంచి పెట్టాం. ఫెర్రీ మనిషికి 60 డాలర్ల చుట్టూ ఉంటుంది, నలుగురికి ఓ 12,000. ఎవరికి వాళ్ళు చేసుకుంటే 27,000తో అయిపోయే రోజు ఇది.

తిరిగొచ్చాక హిమాయత్‌నగర్ వెళ్తే ఏజెంటు టీ తెప్పించి, అక్కడి పార్ట్‌నర్ మోసం చేశాడన్నాడు. పార్ట్‌నర్ పేరు అడిగితే చెప్పడు. బాలి ప్యాకేజీలో అడ్జస్ట్ చేస్తానన్నాడు. రెండోసారి వదిన వచ్చారు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, డబ్బు ఇచ్చేదాకా కదలనని, కావాలంటే సాయంత్రం దీపం కూడా ఇక్కడే పెట్టుకుంటానని చెప్పారు. కొత్త జంట ఎవరో మాల్దీవుల గురించి అడగడానికి లోపలికొస్తుంటే వాళ్ళకి మా కథ మొదట్నుంచి చెప్పడం మొదలెట్టారు. పావుగంటలో 40,000 మా ఆయన ఖాతాలో పడ్డాయి.

ఫెర్రీ ఖర్చు పోను ఇంకా 29,900 రావాలి. మొత్తం ట్రిప్పు బిల్లు మీద ముందుగా పట్టిన పన్ను, అదే టీసీఎస్, సంగతి వేరు, అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో చూపించుకుంటే మనకే వస్తుంది. మిగతా డబ్బు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టి, బిల్లూ, వోచరూ, మటియాటియా కౌంటర్లో అమ్మాయి ప్రింటు తీసి ఇచ్చిన బుకింగ్ కాగితమూ జత చేశాం. ఆ కాగితం అడిగి తీసుకుంది అన్నయ్యగారు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, రసీదు లేకుండా ఏ కౌంటరూ వదిలి రారు.