రెండు యూనిట్ల పెట్టెకు లక్ష: పెద్ద పవర్ స్టేషన్ ఎవరికి పనికొస్తుంది?

ఇక్కడ పవర్ స్టేషన్ అంటే బ్యాటరీ, ఇన్వర్టర్ ఒకే పెట్టెలో ఉండి, ఎక్కడికైనా మోసుకెళ్లగలిగే పరికరం. ముందు లెక్క. 51.2 వోల్టులు, 40 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అంటే 2,048 వాట్ అవర్లు. మన కరెంటు మీటరు భాషలో రెండు యూనిట్లు. 230 వోల్టులకు మార్చడంలో పోయింది పోగా సాకెట్ దగ్గర చేతికొచ్చేది 1,700 దాకా. దీని కోసం లక్షకు పైనే పెట్టాలి. 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్ కలిపి కొన్నా అందులో మూడో వంతు దాటదు. హనుమకొండలోనో కాజీపేటలోనో సొంతింట్లో కరెంటు పోతే ఫ్యాన్లు తిరగడమే కావాలంటే దీని జోలికి పోకండి.

కదలాల్సిన చోటే దీని సత్తా. ఔట్‌డోర్ షూటింగులకు తిరిగే పెళ్లి ఫొటోగ్రాఫర్లకు, మేడారం జాతరలో కొట్టు పెట్టేవాళ్లకు జనరేటర్ పొగ, మోత తప్పుతాయి. 350 వాట్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ నాలుగున్నర గంటలు నడుస్తుంది. 2023 జూలైలో మోరంచపల్లిని ముంచెత్తినట్టు వరదొస్తే, పాతిక కిలోల పెట్టెను ఇద్దరు పట్టి మిద్దె మీదికి ఎక్కించొచ్చు. యాసిడ్ బ్యాటరీతో ఆ పని కష్టం. తడి మాత్రం దీనికీ పడదు, గాలి రంధ్రాల్లోకి నీళ్లు పోతే పనైపోయినట్టే.

ఎక్కువ మంది తప్పులో కాలేసేది మోటారు దగ్గర. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ బోరు మోటారు నడిచేటప్పుడు లాగేది వెయ్యి వాట్ల పైచిలుకే. కానీ స్టార్టింగులో కరెంటు ఐదారు రెట్లు లాగుతుంది. 2,000 వాట్ల పెట్టె క్షణకాలం 4,000 ఇస్తానన్నా ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతుంది. అర హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు, ఫ్రిజ్ వరకు పరవాలేదు. పొలంలోని త్రీఫేజ్ మోటారు సంగతి అడగనే వద్దు. గీజర్ పెడితే గంటలోపే ఖాళీ.

రెండోది ఎండ. చాలా మోడళ్లకు చార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. మే నెలలో రామగుండం వైపు బయటే అంత ఉంటుంది, రేకుల గదిలో ఇంకా ఎక్కువ. మధ్యలో చార్జింగ్ ఆగితే చెడిపోయిందని కంగారు పడతారు, నిజానికి అది తనను తాను కాపాడుకుంటోంది. యాప్‌లో వేగం 500 వాట్లకు తగ్గించి రాత్రిపూట ఎక్కించండి. పూర్తి వేగంతో 1,500 వాట్లు దాటే పెట్టెలను 6 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే ప్లగ్గు కరుగుతుంది. 16 ఆంపియర్ల పాయింటు ఉండాల్సిందే.

సోలార్ ఇన్‌పుట్ హద్దు కొన్నింటిలో 60 వోల్టులే. 540 వాట్ల ప్యానెల్ ఒక్కటే ఓపెన్ సర్క్యూట్‌లో, అంటే లోడు లేనప్పుడు, 49 వోల్టుల వరకు ఇస్తుంది. రెండింటిని సిరీస్‌లో కలిపితే పెట్టె లోపలి సర్క్యూట్ బోర్డు పోతుంది. చలి పొద్దున వోల్టేజి ఇంకా పెరుగుతుంది. లేబుల్ చూడకుండా తీగ తగిలించొద్దు.

పెట్టె మీది 230 వోల్టుల సాకెట్ల స్విచ్ ఆన్‌లో వదిలేస్తే లోడు లేకపోయినా 25 వాట్ల దాకా తింటుంది, మూడున్నర రోజుల్లో బ్యాటరీ ఖాళీ. ఎకో మోడ్ పెడితే పదివాట్ల వైఫై రౌటర్‌ను లోడే కాదనుకుని ఆపేస్తుంది. అదో తలనొప్పి. ఐరన్ ఫాస్ఫేట్ వోల్టేజి చాలాసేపు ఒకేలా ఉంటుంది గనుక తెర మీది శాతం కూడా క్రమంగా తప్పుతుంది. నెలకోసారి నూరు శాతం నింపితే సర్దుకుంటుంది. పక్కన పెట్టేస్తే సగం చార్జితో ఉంచి, మూణ్నెల్లకోసారి చూసుకోండి.

రెండు వైపులా ప్లగ్గులున్న తీగతో ఇంటి వైరింగ్‌కు కలపడం ప్రాణాంతకం. మెయిన్ తీయడం మరిస్తే కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది. ఇంటి వైరింగ్‌ను బయటి లైను నుంచి విడదీసే ఛేంజోవర్ స్విచ్ పెట్టించండి.

ఇక సర్వీసు. ట్యూబులర్ బ్యాటరీ పోతే ఊళ్లోనే మార్చుకోవచ్చు. ఇందులో ఒక బోర్డు కాలినా మొత్తం పెట్టె పంపాలి. ఇంత పెద్ద లిథియం బ్యాటరీని చాలా కొరియర్లు తీసుకోవు. వారంటీ ఎన్నేళ్లని కాదు, రవాణా ఖర్చు ఎవరిదో, తీసుకెళ్లడానికి ఎవరొస్తారో బిల్లు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.